టికింటర్‌లో డైలాగ్ విండో మాట వినకపోతే ఎక్కడెక్కడ చూడాలి

మీరు చెప్పిన లక్షణాలు నాలుగు. ట్యూషన్ సెంటర్ ఫీజు రసీదుల కోసం పైథాన్, టికింటర్‌తో (పైథాన్‌లో విండోలు, బటన్లు తయారు చేసే లైబ్రరీ) చిన్న ప్రోగ్రామ్ రాశారు. "కొత్త విద్యార్థి" బటన్ నొక్కితే డైలాగ్ వస్తోంది గానీ, అందులో కొట్టిన పేరు, ఫీజు మెయిన్ విండోకి ఖాళీగా చేరుతున్నాయి. డైలాగ్ తెరిచి ఉండగానే వెనక బటన్ మళ్లీ నొక్కితే రెండోది, మూడోది తెరుచుకుంటున్నాయి. "తొలగించాలా?" అని అడిగినప్పుడు "నో" నొక్కినా రికార్డు పోతోంది. మీ దగ్గర విండోస్‌లో నడిచే ప్రోగ్రామే మీ స్నేహితుడి ఉబుంటులో "గ్రాబ్ ఫెయిల్డ్: విండో నాట్ వ్యూయబుల్" అంటూ ఆగిపోతోంది.

ఒక మాట. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మధ్యలో అడుగుగీత కనిపిస్తే అది అండర్‌స్కోర్.

మూడో సమస్యను ముందు సరిచేయండి, అది డేటా పోగొడుతోంది కాబట్టి. మీరు వాడింది ఆస్క్‌క్వశ్చన్. అది ట్రూ, ఫాల్స్ ఇవ్వదు. "యెస్" లేదా "నో" అనే స్ట్రింగ్ ఇస్తుంది. పైథాన్ దృష్టిలో ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా నిజమే, అందులో "నో" అని ఉన్నా సరే. కాబట్టి ఇఫ్ పక్కన నేరుగా ఆస్క్‌క్వశ్చన్ రాస్తే ఏ బటన్ నొక్కినా డిలీట్ జరుగుతుంది. దాని బదులు ఆస్క్‌యెస్‌నో వాడండి. అది అసలైన ట్రూ, ఫాల్స్ ఇస్తుంది. దాంతోపాటు డిఫాల్ట్="నో", ఐకాన్="వార్నింగ్" అని రెండు ఆప్షన్లు ఇవ్వండి. అలా ఇస్తే వేగంగా ఎంటర్ కొట్టే అలవాటున్నవాళ్ల చేతిలో రికార్డు ఎగిరిపోదు.

ఈ కుటుంబంలో ఇంకో ఉచ్చు ఉంది. ఆస్క్‌యెస్‌నోక్యాన్సెల్ మూడు విలువలు ఇస్తుంది: యెస్‌కి ట్రూ, నోకి ఫాల్స్, క్యాన్సెల్‌కి నన్ (విలువ ఏదీ లేదని చెప్పే గుర్తు). "సేవ్ చేయాలా?" అని అడిగి, జవాబును ఇఫ్ నాట్ అని పరీక్షిస్తే నో, క్యాన్సెల్ రెండూ ఒకటైపోతాయి. మూసేయడం మానుకుందామని క్యాన్సెల్ నొక్కిన మనిషి, రాసిందంతా పోగొట్టుకుంటాడు. ముందు "జవాబు ఈజ్ నన్" అని విడిగా చూసి వెనక్కి వెళ్లిపోండి, తర్వాత మిగతా రెండూ చూడండి. సింపుల్‌డైలాగ్‌లోని ఆస్క్‌ఇంటీజర్ కూడా ఇంతే. క్యాన్సెల్ అయితే నన్ వస్తుంది, సున్నా కొడితే సున్నా వస్తుంది, ఉత్త ఇఫ్‌కి రెండూ అబద్ధమే. ఫీజు మాఫీ అయిన పిల్లవాడికి 0 కొట్టగానే ఎంట్రీ చప్పుడు లేకుండా మాయమవడానికి కారణం ఇదే. ఏ డైలాగ్ ఏమిస్తోందో అనుమానం వస్తే ఊహించొద్దు. ఆ వరుస కిందే ప్రింట్(రెప్ర్(జవాబు)) పెట్టి ఒక్కో బటన్ నొక్కి చూడండి. రెప్ర్ ఎందుకంటే ఉత్త ప్రింట్‌లో ఖాళీ స్ట్రింగ్ కంటికి కనపడదు, రెప్ర్‌లో కొటేషన్ గుర్తులు కనపడతాయి.

డిలీట్ బటన్లను లూప్‌లో ఒక్కో విద్యార్థి పక్కన పెట్టి ఉంటే ఇంకోటి కూడా చూసుకోండి. కమాండ్=లాంబ్డా: తొలగించు(ఐ) అని రాస్తే, ఎవరి పక్కన నొక్కినా ఆఖరి విద్యార్థి పేరే డైలాగ్‌లో వస్తుంది. లాంబ్డా లోపలి ఐ విలువను పైథాన్ బటన్ నొక్కినప్పుడు చూస్తుంది, బటన్ తయారు చేసినప్పుడు కాదు. లాంబ్డా ఐ=ఐ: తొలగించు(ఐ) అని రాస్తే ఆ క్షణంలో ఉన్న విలువ అక్కడే నిలిచిపోతుంది.

ఇక మొదటి రెండు సమస్యలకు వేరు ఒకటే. టాప్‌లెవెల్ అనేది విండోను తయారు చేసి వెంటనే తర్వాతి వరుసకు వెళ్లిపోతుంది. ఎవరి కోసమూ ఆగదు. మీ కోడ్‌లో తర్వాతి వరుసే పేరు_ఎంట్రీ.గెట్(). విండో తెరమీద కనపడకముందే ఆ వరుస నడిచి, ఖాళీ స్ట్రింగ్ పట్టుకుని వెళ్లిపోయింది. పేరు టైప్ చేసేసరికి దాన్ని తీసుకునేవాళ్లే అక్కడ లేరు. ఆస్క్‌యెస్‌నో లాంటివి ఉండే మెసేజ్‌బాక్స్ అలా చేయదు, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అందుకే చాలామంది టాప్‌లెవెల్ కూడా ఆగుతుందని అనుకుంటారు. మీరు సొంతంగా కట్టే డైలాగ్‌కి మూడు సంగతులు మీరే చెప్పాలి: అది ఎవరి బిడ్డ, దానికోసం ఎవరు ఆగాలి, అది ఏమిచ్చి వెళ్లాలి. డైలాగ్‌ల గోల చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పకపోవడం వల్లే వస్తుంది.

ఫంక్షన్ లోపల వరుసలు ఈ క్రమంలో ఉండాలి (రూట్ అంటే మెయిన్ విండో, డి అంటే డైలాగ్):

డి = టాప్‌లెవెల్(రూట్)
డి.విత్‌డ్రా()
... ఇక్కడ లేబుళ్లు, ఎంట్రీలు, బటన్లు ...
డి.ప్రోటోకాల్("డబ్ల్యూఎం_డిలీట్_విండో", రద్దు)
డి.ట్రాన్సియంట్(రూట్)
డి.డీఐకానిఫై()
డి.వెయిట్_విజిబిలిటీ()
డి.గ్రాబ్_సెట్()
పేరు_ఎంట్రీ.ఫోకస్_సెట్()
రూట్.వెయిట్_విండో(డి)
రిటర్న్ ఫలితం

విత్‌డ్రా మొదట ఎందుకంటే, విడ్జెట్లు (లేబుల్, ఎంట్రీ, బటన్ లాంటివి) ఒక్కొక్కటే అతుక్కుంటూ విండో సైజు మారే మినుకు కంటికి కనపడకుండా. ట్రాన్సియంట్ వల్ల డైలాగ్ మెయిన్ విండో మీదే ఉంటుంది, దాని వెనక్కి పోదు, మెయిన్ విండోను మినిమైజ్ చేస్తే తనూ దాంతో దిగుతుంది. గ్రాబ్_సెట్ మౌస్‌నీ కీబోర్డునీ ఈ డైలాగ్‌కే కట్టేస్తుంది. మీ రెండో సమస్య ఈ ఒక్క వరుసతో పోతుంది: వెనక బటన్ నొక్కినా పలకదు. వెయిట్_విండో మాత్రం పూర్తిగా వేరే పని. డైలాగ్ నాశనమయ్యేదాకా మీ ఫంక్షన్‌ను అక్కడే ఆపి, ఈలోగా తెర పనులు మాత్రం నడవనిస్తుంది. గ్రాబ్ పెట్టి వెయిట్ పెట్టకపోతే విలువ ఖాళీ. వెయిట్ పెట్టి గ్రాబ్ పెట్టకపోతే మూడు డైలాగులు. రెండూ కావాలి.

వెయిట్_విండో పెట్టగానే మీకు కొత్త ఎర్రర్ ఎదురవుతుంది: "ఇన్‌వాలిడ్ కమాండ్ నేమ్" అని, పక్కనే చుక్కలు, ఆశ్చర్యార్థకాలతో ఎంట్రీ పేరు. కంగారు పడొద్దు. వెయిట్_విండో దాటిందంటేనే డైలాగ్ పోయిందని అర్థం. దాంతోపాటే ఎంట్రీ కూడా పోయింది. పోయిన ఎంట్రీని గెట్ అడిగితే వచ్చే సమాధానం అది. విలువలను ఓకే బటన్ ఫంక్షన్‌లోనే, డిస్ట్రాయ్ చేయకముందే తీసి దాచుకోవాలి.

ఆ దాచుకోవడంలోనే ఎక్కువమంది మళ్లీ పడిపోతారు. ఓకే ఫంక్షన్ లోపల ఫలితం = పేరు_ఎంట్రీ.గెట్() అని రాస్తే, పైథాన్ దాన్ని ఆ లోపలి ఫంక్షన్ సొంత వేరియబుల్‌గా చూస్తుంది. బయటి ఫలితం నన్‌గానే ఉండిపోతుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు, విలువ మాత్రం రాదు. లోపలి ఫంక్షన్ మొదటి వరుసలో నాన్‌లోకల్ ఫలితం అని రాయండి, లేదా డైలాగ్‌ను క్లాసుగా చేసి సెల్ఫ్.ఫలితం వాడండి. నేనైతే క్లాసే చేయమంటాను, రేపు ఫోన్ నంబరు, తరగతి అని ఇంకో రెండు గళ్లు చేరినప్పుడు పని తేలికవుతుంది. ఇంకో సంగతి, పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు, పేరు, ఫలితం రెండూ చెల్లుతాయి. కాకపోతే పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు చొప్పించే కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, అది పేరులో పడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. టీమ్‌లో అందరి కీబోర్డులూ ఒకలా ఉండవు కాబట్టి కోడ్‌లో ఇంగ్లిష్ పేర్లే ఉంచుకోవడం మేలు.

రద్దు ఫంక్షన్ ఫలితాన్ని నన్‌గా వదిలి డి.డిస్ట్రాయ్() చేస్తే చాలు. మూలనున్న ఇంటూ గుర్తునీ, ఎస్కేప్ కీనీ, క్యాన్సెల్ బటన్‌నీ మూడింటినీ దానికే కట్టండి. పిలిచినచోట ఫలితం నన్ అయితే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. కీ బైండ్ చేసినప్పుడు ఫంక్షన్‌కి ఈవెంట్ అనే ఒక ఆర్గ్యుమెంట్ వస్తుంది, బటన్ కమాండ్‌కి రాదు. ఒకే ఫంక్షన్ రెండు చోట్లా పనిచేయాలంటే డెఫ్ రద్దు(ఈవెంట్=నన్) అని రాయాలి. లేదంటే బటన్ నొక్కితే సరిగా మూసుకుని, ఎస్కేప్ కొడితే మాత్రం "టేక్స్ 0 పొజిషనల్ ఆర్గ్యుమెంట్స్" అని ఎర్రర్ వస్తుంది.

ఉబుంటు సంగతి. లినక్స్‌లో ఎక్స్ సర్వర్ (తెరమీద విండోలు గీసే ప్రోగ్రామ్) మీద విండో తెరకెక్కడం వెంటనే జరగదు. మన ప్రోగ్రామ్ అడుగుతుంది, విండో మేనేజర్ తన వీలు చూసుకుని చూపిస్తుంది. ఈ మధ్యలో గ్రాబ్_సెట్ నడిస్తే, ఇంకా కనపడని విండోకి మౌస్ కట్టేయలేనని టికింటర్ అడుగున పనిచేసే టికె మొరాయిస్తుంది. విండోస్‌లో విండో దాదాపు అప్పటికప్పుడే కనపడుతుంది కాబట్టి తప్పు అక్కడ దాగిపోయింది. పైన చూపిన క్రమంలో వెయిట్_విజిబిలిటీ ఉన్నది అందుకే, దాని చోటు కచ్చితంగా గ్రాబ్_సెట్‌కి ముందు. కొందరు దీనికి ఆఫ్టర్(100, డి.గ్రాబ్_సెట్) అని పదో వంతు సెకను ఆగమని చెబుతారు. నిదానమైన మెషీన్ మీద ఆ వంద మిల్లీసెకన్లు చాలకపోవచ్చు. కనపడేదాకా ఆగమని చెప్పే కమాండ్ ఉండగా గడియారాన్ని నమ్ముకోవడం అనవసరం.

అయితే వెయిట్_విజిబిలిటీకీ ఒక మెలిక ఉంది. పేరెంట్ విండో విత్‌డ్రా అయి ఉంటే, దానికి ట్రాన్సియంట్ చేసిన డైలాగ్ కూడా దాగే ఉంటుంది. అప్పుడు వెయిట్_విజిబిలిటీ ఎప్పటికీ రాని ఘడియ కోసం కూర్చుంటుంది. తెరమీద ఏమీ ఉండదు, ప్రోగ్రామ్ మాత్రం నడుస్తూ ఉంటుంది. లాగిన్ డైలాగ్ రాసేటప్పుడు ఇది తప్పకుండా తగులుతుంది, ఎందుకంటే అక్కడ మెయిన్ విండోను ముందు దాచేస్తాం. మందు తేలిక: ఇఫ్ రూట్.విన్ఫో_వ్యూయబుల్(): అని చూసి, కనపడుతుంటేనే ట్రాన్సియంట్ చేయండి. టికింటర్ సొంత సింపుల్‌డైలాగ్ కూడా లోపల ఇదే చేస్తుంది. లాగిన్ సరైతే రూట్.డీఐకానిఫై(), కాకపోతే రూట్.డిస్ట్రాయ్(). ఈ రెండోది మరిచిపోతే విండో లేకుండా మెయిన్‌లూప్ (నొక్కుల కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్‌ను నడిపే లూప్) అలాగే తిరుగుతూ, టాస్క్ మేనేజర్‌లో పైథాన్ ప్రాసెస్‌లు ఒక్కొక్కటిగా పోగుపడతాయి.

మీ కోడ్‌లో ఇంకోచోట డైలాగ్ కోసం టాప్‌లెవెల్ బదులు రెండోసారి టికె() పిలిచారు. అది పనిచేస్తున్నట్టే కనపడుతుంది, కానీ మార్చేయండి. ఒక్కో టికె() ఒక్కో విడి టిసిఎల్ ఇంటర్‌ప్రెటర్‌ను (టికె కమాండ్లను నడిపే ఇంజిన్) లేపుతుంది. రెండు ఇళ్లన్నమాట. స్ట్రింగ్‌వార్() అని ఉత్తగా రాస్తే అది మొదటి ఇంటికి చెందుతుంది. దాన్ని రెండో ఇంట్లోని ఎంట్రీకి కడితే, ఎంట్రీలో ఏం టైప్ చేసినా స్ట్రింగ్‌వార్.గెట్() ఖాళీయే ఇస్తుంది. బొమ్మలు పెడితే "ఇమేజ్ పైఇమేజ్1 డజంట్ ఎగ్జిస్ట్" అంటుంది. ప్రోగ్రామ్ మొత్తానికి టికె() ఒక్కటే, మిగతావన్నీ టాప్‌లెవెల్. మెయిన్‌లూప్ కూడా ఒక్కటే. డైలాగ్ చివర డి.మెయిన్‌లూప్() అని రాస్తే లూప్ లోపల ఇంకో లూప్ మొదలవుతుంది, డైలాగ్ మూసినా అది ఆగదు. అక్కడ కావాల్సింది వెయిట్_విండో. డైలాగ్ మూయడానికి రూట్.క్విట్() కూడా వాడొద్దు. అది డైలాగ్‌ను మూయదు, మెయిన్‌లూప్‌ను ఆపుతుంది.

ప్రోగ్రామ్ మొదలవగానే డైలాగ్ దానంతటదే తెరుచుకుని, తర్వాత బటన్ నొక్కితే ఏమీ జరగకపోతే, కమాండ్=డైలాగ్_తెరువు() అని బ్రాకెట్లు పెట్టి ఉంటారు. బ్రాకెట్లు తీసేయండి.

మెసేజ్‌బాక్స్ గురించి. "మాడ్యూల్ టికింటర్ హ్యాజ్ నో ఆట్రిబ్యూట్ మెసేజ్‌బాక్స్" అని వస్తే, ఫ్రమ్ టికింటర్ ఇంపోర్ట్ స్టార్ రాసినా అది రాదని తెలుసుకోండి. మెసేజ్‌బాక్స్, ఫైల్‌డైలాగ్, సింపుల్‌డైలాగ్ మూడూ విడి ఫైళ్లు, పేరు పెట్టి ఇంపోర్ట్ చేయాలి. పాత ఐడిల్‌లో (పైథాన్‌తోపాటే వచ్చే ఎడిటర్) నడిచి బయట నడవకపోవడానికి కారణం, ఐడిల్ తన అవసరానికి వాటిని ముందే తెచ్చుకుని ఉండటం. పాత పైథాన్ వెర్షన్లలో, విండో ఏదీ లేని చిన్న స్క్రిప్టులో మెసేజ్‌బాక్స్ పిలిస్తే పక్కనే ఒక ఖాళీ బూడిద విండో కూడా వస్తుంది. రూట్ = టికె() రాసి వెంటనే రూట్.విత్‌డ్రా() చేస్తే అది పోతుంది.

మీ డైలాగ్ లోపలినుంచి "ఫీజు అంకెల్లో రాయండి" అని షోఎర్రర్ పిలిచినప్పుడు పేరెంట్=డి అని తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే మెసేజ్‌బాక్స్ మెయిన్ విండోనే పేరెంట్ అనుకుంటుంది. ఓకే కొట్టాక మెయిన్ విండో ముందుకొచ్చి డైలాగ్ వెనక్కి పోవచ్చు. గ్రాబ్ డైలాగ్ దగ్గరుంది, కళ్లముందు మెయిన్ విండో ఉంది, ఏం నొక్కినా పలకదు. వాడేవాళ్లు "హ్యాంగ్ అయింది" అని చెప్పేవాటిలో ఇదొకటి. నిజానికి హ్యాంగ్ కాదు, డైలాగ్ వెనక దాక్కుని ఉంది. ఫైల్‌డైలాగ్‌కీ సింపుల్‌డైలాగ్‌కీ కూడా ఇదే పేరెంట్ ఆప్షన్ వర్తిస్తుంది. మ్యాక్‌లో మెసేజ్‌బాక్స్ టైటిల్ కనపడదు, అది అక్కడి పద్ధతి. అందుకని అసలు విషయం టైటిల్‌లో కాకుండా మెసేజ్‌లోనే రాయండి.

ఫీజు గడిలో మనవాళ్లు 1,500 అని కామాతో రాస్తారు, ముందు రూపాయి గుర్తు పెడతారు, చివర స్పేస్ వదులుతారు. ఇంట్() చివరి స్పేస్‌ను సర్దుకుంటుంది, కామానీ రూపాయి గుర్తునీ ఒప్పుకోదు. వాటిని రీప్లేస్‌తో తీసేసి, ట్రై లోపల ఇంట్ చేసి, వాల్యూఎర్రర్ వస్తే షోఎర్రర్ చూపి, ఫోకస్ మళ్లీ ఆ గడికే ఇవ్వండి, డైలాగ్ మూయొద్దు. ౧౫౦౦ అని తెలుగు అంకెల్లో కొట్టినా ఇంట్() చక్కగా 1500 అనే చదువుతుంది, దానికి మీరేమీ చేయక్కర్లేదు.

ఇంత తతంగం ఎందుకు అనిపిస్తే సింపుల్‌డైలాగ్.డైలాగ్ అనే క్లాసును వారసత్వంగా తీసుకోండి. ట్రాన్సియంట్, గ్రాబ్, వెయిట్ అన్నీ అదే చూసుకుంటుంది. మీరు బాడీ, వ్యాలిడేట్, అప్లై అనే మూడు మెథడ్లు రాస్తే చాలు. అక్కడ జరిగే తప్పులు మాత్రం చాలావరకు ఇవే. వ్యాలిడేట్ చివర రిటర్న్ ట్రూ మరిచిపోతే అది నన్ ఇస్తుంది, ఓకే ఎన్నిసార్లు నొక్కినా డైలాగ్ మూసుకోదు, ఎర్రరూ రాదు. బాడీలో విడ్జెట్లను సెల్ఫ్‌లో కాదు, మాస్టర్ అని చేతికిచ్చిన ఫ్రేమ్‌లో పెట్టాలి. సెల్ఫ్‌లో గ్రిడ్ చేస్తే, ఆ విండోలో క్లాసు అప్పటికే ప్యాక్ వాడి ఉంటుంది లేదా తర్వాత వాడుతుంది. విడ్జెట్లను అమర్చే ఈ రెండు పద్ధతులూ, ప్యాక్, గ్రిడ్, ఒకే కంటైనర్‌లో కలవవు, "కెనాట్ యూజ్ జామెట్రీ మేనేజర్" అని ఆగిపోతుంది. ఇక సూపర్().__ఇనిట్__ పిలిచిన క్షణంలోనే డైలాగ్ తెరుచుకుని, మూసుకునేదాకా అక్కడే ఆగుతుంది. కాబట్టి సెల్ఫ్.విద్యార్థి లాంటి సొంత విలువలను దానికి ముందు వరుసలో పెట్టాలి. తర్వాత పెడితే బాడీ నడిచేటప్పటికి అవి ఉండవు, ఆట్రిబ్యూట్ఎర్రర్ వస్తుంది.

అదే క్లాసులో చిరునామా కోసం పెద్ద టెక్స్ట్ గడి పెడితే ఇంకో వింత చూస్తారు. రెండో వరుసకు పోదామని ఎంటర్ కొట్టగానే డైలాగ్ మూసుకుపోతుంది. ఎంటర్ కీ డైలాగ్ మొత్తానికి ఓకేగా బైండ్ అయి ఉంది. కీ నొక్కినప్పుడు టికె ముందు ఆ విడ్జెట్‌ను అడుగుతుంది, తర్వాత దాని క్లాసును, ఆ తర్వాత పైనున్న విండోను. టెక్స్ట్ క్లాసు కొత్త వరుస చేరుస్తుంది, వెంటనే విండో ఓకే నొక్కేస్తుంది. టెక్స్ట్ విడ్జెట్‌కి మీరే రిటర్న్ కీ బైండ్ చేసి, ఆ ఫంక్షన్‌లో ఇన్సర్ట్‌తో కొత్త వరుస చేర్చి, చివర "బ్రేక్" అనే స్ట్రింగ్ రిటర్న్ చేయండి. అక్కడితో ఆ కీ ప్రయాణం ఆగుతుంది.

రసీదును ఫైల్‌గా సేవ్ చేసే డైలాగ్‌లో చూడాల్సినవి. ఆస్క్‌ఓపెన్‌ఫైల్‌నేమ్, ఆస్క్‌సేవ్యాజ్‌ఫైల్‌నేమ్ రెండూ ఫైల్ పేరు మాత్రమే ఇస్తాయి, ఫైల్ తెరవవు. క్యాన్సెల్ కొడితే ఖాళీ స్ట్రింగ్ రావచ్చు, కొన్నిచోట్ల ఖాళీ టపుల్ రావచ్చు. ఇఫ్ నాట్ పేరు: రిటర్న్ అంటే రెండింటికీ సరిపోతుంది. ఇక్కడ మాత్రం ఉత్త ఇఫ్ నాట్ సరైనదే. చివర నేమ్ లేని ఆస్క్‌సేవ్యాజ్‌ఫైల్ మాత్రం వాడొద్దు. అది రాయడానికి ఫైల్‌ను అప్పుడే తెరిచేస్తుంది, అంటే పాత ఫైల్ అక్కడికక్కడే ఖాళీ అవుతుంది. మీ కోడ్ తర్వాత ఏదో ఎర్రర్‌తో ఆగితే పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఫైల్‌టైప్స్ ఒక్కటే ఇస్తున్నప్పుడు అది జతల జాబితాగానే ఉండాలి: చదరపు బ్రాకెట్లలో ఒక జత. విద్యార్థి పేర్లు తెలుగులో ఉంటాయి కాబట్టి ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" తప్పనిసరి. అది లేకపోతే విండోస్‌లో "చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ ఎన్‌కోడ్" అని వస్తుంది. డైలాగ్‌లో తప్పుందని వెతుకుతూ కూర్చుంటారు, తప్పు ఓపెన్ వరుసలో ఉంటుంది.

"దయచేసి ఆగండి" అనే డైలాగ్ తెల్లగా, ఖాళీగా వచ్చి నాట్ రెస్పాండింగ్ అంటే కారణం వేరు. మెయిన్‌లూప్ ఒకే కౌంటర్ దగ్గర కూర్చున్న ఒకే గుమాస్తా లాంటిది. బటన్ నొక్కులు, తెర గీయడం, విండో కదపడం అన్నీ ఒకే వరుసలో అతని దగ్గరికే వస్తాయి. మీ ఫంక్షన్‌లో టైమ్.స్లీప్ గానీ, 400 రసీదులు రాసే లూప్ గానీ ఉంటే అది అయ్యేదాకా అతను తలెత్తడు, లేబుల్ గీయడం కూడా జరగదు. చిన్న పనైతే లేబుల్ పెట్టి డి.అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్() పిలిస్తే చాలావరకు సరిపోతుంది. పెద్ద పనైతే దాన్ని ఇరవై రసీదులకొక ముక్కగా విడగొట్టి, ఒక్కో ముక్క చివర రూట్.ఆఫ్టర్(1, తర్వాతి_ముక్క) పెట్టండి. త్రెడ్ (పక్కన విడిగా నడిచే పని) వాడితే ఒకే నియమం: త్రెడ్‌లోంచి ఏ విడ్జెట్‌నూ ముట్టుకోవద్దు, మెసేజ్‌బాక్స్ కూడా పిలవొద్దు. త్రెడ్ తన కబురు క్యూలో వేయాలి, మెయిన్ విండో ఆఫ్టర్(100, ...)తో ఆ క్యూను చూసుకుంటూ ఉండాలి. అక్కడక్కడా అప్‌డేట్() చల్లే చిట్కా చెబుతారు చాలామంది. అప్‌డేట్ నడిచేటప్పుడు బటన్ నొక్కులు కూడా లోపలికి వస్తాయి, అదే పని సగంలో ఉండగా మళ్లీ మొదలవుతుంది. రసీదు నంబర్లు రెండుసార్లు పడటానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

డైలాగ్‌కి జామెట్రీ("300ఇంటూ150") లాంటి కొలత గట్టిగా పెట్టి ఉంటే తీసేయండి. తెలుగు లేబుళ్లు ఇంగ్లిష్ వాటికంటే ఎత్తుగా, వెడల్పుగా వస్తాయి, ఫాంట్ మారిన మెషీన్‌లో ఓకే బటన్ కిందికి జారి కనపడకుండా పోతుంది. కొలత ఇవ్వకపోతే టికె లోపలి విడ్జెట్లను బట్టి తనే సర్దుకుంటుంది. చోటు మాత్రం చెప్పాలనుకుంటే ప్లస్ గుర్తులతో ఎక్స్, వై ఇస్తే చాలు, అదీ అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్ తర్వాత. దానికి ముందు వెడల్పు అడిగితే 1 అని చెబుతుంది. మీ స్నేహితుడి ఉబుంటులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడితే అది మీ తప్పు కాదు. టికె 8.6 లినక్స్‌లో అక్షరాలను ఒక్కొక్కటే వరుసగా పేరుస్తుంది, మన లిపికి కావాల్సిన కూర్పు చేయదు. విండోస్‌లో ఆ పని సిస్టమ్ చేస్తుంది కాబట్టి నిర్మలా యూఐ, గౌతమి రెండింటిలోనూ చక్కగా వస్తుంది. ఉబుంటులోనూ తెలుగు సరిగా కనపడటం తప్పనిసరైతే ఫాంట్ మార్చి లాభం లేదు, క్యూటి లాంటి వేరే టూల్‌కిట్‌కి వెళ్లాలి.

చివరిగా, తప్పు పట్టుకునే పద్ధతి. ప్రోగ్రామ్‌ను డబుల్ క్లిక్‌తో కాకుండా టెర్మినల్ నుంచి నడపండి. చివర డబ్ల్యూ ఉన్న పైథాన్‌డబ్ల్యూతోనో, .పైడబ్ల్యూ ఫైల్‌గానో నడిపితే ఎర్రర్లు పడటానికి చోటే ఉండదు, బటన్ "పనిచేయడం లేదు" అనిపిస్తుంది అంతే. వాడేవాళ్లకు ఇచ్చే కాపీలో రూట్.రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్‌కి మీ ఫంక్షన్ ఒకటి కట్టండి. దానికి మూడు ఆర్గ్యుమెంట్లు వస్తాయి: ఎర్రర్ రకం, ఎర్రర్, ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ వరుసల మీదుగా వచ్చిందో చూపే జాబితా). వాటిని ఫైల్‌లో రాసి, షోఎర్రర్‌తో చూపితే ఫోన్‌లో "ఏదో వచ్చింది, పోయింది" అనే మాటలు తప్పుతాయి. ఏదీ పలకకుండా బిగుసుకుపోతే, డైలాగ్ తెరవడానికి ముందే ఆఫ్టర్‌తో మూడు సెకన్ల తర్వాత నడిచే చిన్న ఫంక్షన్ ఒకటి పెట్టి, అందులో రూట్.గ్రాబ్_కరెంట్(), రూట్.ఫోకస్_గెట్(), డి.విన్ఫో_వ్యూయబుల్() మూడూ ప్రింట్ చేయండి. గ్రాబ్ డైలాగ్ దగ్గర ఉండి వ్యూయబుల్ 1 అయితే డైలాగ్ ఎక్కడో వెనక ఉంది, పేరెంట్ చూడండి. వ్యూయబుల్ 0 అయితే వెయిట్_విజిబిలిటీ దగ్గర ఇరుక్కుంది, ట్రాన్సియంట్ చూడండి. ప్రింటే రాకపోతే గుమాస్తా వేరే పనిలో ఉన్నాడు, స్లీప్ లేదా పెద్ద లూప్ చూడండి. ట్రేస్‌బ్యాక్ వచ్చినప్పుడు ఆఖరి వరుసలు తరచూ టికింటర్ లోపలి ఫైల్‌వే అయి ఉంటాయి, వాటితో మీకు పనిలేదు. కిందినుంచి పైకి వస్తూ మీ ఫైల్ పేరు మొదట ఎక్కడ కనపడుతుందో ఆ వరుస నంబరు చూడండి, మార్చాల్సింది ఆ చుట్టుపక్కలే ఉంటుంది.